తల్లి ఒకటే, నాలుగు కూనలూ నాలుగు రంగులు. కార్డులో రంగు ఏమని రాయించాలి?

తాటాకు_పందిరి, రాజమండ్రి

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మా పెరట్లోనే తిని మా పెరట్లోనే పడుకునే పిల్లి ఒకటుంది, గౌరి అని పిలుస్తాం. ఈసారి మేడమెట్ల కింద పాత గోనెసంచుల మీద నాలుగు కూనల్ని పెట్టింది, ఇప్పటికి ఏడు వారాలు. రెండింటిని ఉంచుకుని రెండింటిని మంచి ఇళ్లు చూసి ఇద్దామనుకుంటున్నాం. మొన్న నులిపురుగుల మందు వేయించడానికి తీసుకెళ్తే నాలుగు కార్డులిచ్చారు, నాలుగింటి మీదా రంగు అన్న చోట 'మిక్స్‌డ్' అనే రాశారు. ఇంటికొచ్చాక ఏ కార్డు ఏ కూనదో నాకే తెలియలేదు. రేపు టీకాలు మొదలైతే ఏది దేనికి పడిందో ఎలా చెప్పాలి? అందుకే రంగులు సరిగ్గా రాయించాలని పట్టుబట్టి అడుగుతున్నాను.

ఫొటోలు తీద్దామంటే ఒక్క క్షణం కుదురుగా ఉండవు, మాటల్లోనే చెప్తాను. గౌరిది బూడిదా గోధుమా కలిసిన ఒళ్లు, దాని మీద నల్ల చారలు, పొట్టా పాదాలూ తెలుపు. కూనల్లో ఒకటి మాగిన తాటిపండు రంగు, లేత చారలున్నాయి, తెలుపు లేదు. రెండోది తెలుపు మీద నల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు. మూడోది నలుపు, కానీ పొద్దున ఎండలో పడుకుంటే లోపల్నుంచి చారలు కనిపిస్తాయి, నీడలోకి వస్తే మాయం. నాలుగోది ఒళ్లంతా ఒకటే పొగ రంగు. ఆడో మగో ఇంకా చూడలేదు, తోక ఎత్తితే గౌరి ఊరుకోవడం లేదు.

ఒక తల్లికి ఇన్ని రంగులు ఎలా వస్తాయి? పక్కింటి పిన్నిగారు "తండ్రి ఒక్కడు కాదమ్మా" అని తేల్చేశారు. ఇంకో విషయం, ఎవరో ఒకాయన ఫోన్ చేసి మూడు రంగులది మగదైతే చాలా అరుదైనదనీ, పొగ రంగుది రష్యన్ బ్లూ జాతి అనీ, రెండూ తనకే ఇస్తే పదివేలు ఇస్తాననీ అన్నాడు. అప్పట్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

---

వెట్_విద్యార్థి, గన్నవరం

ముందు ఆ ఫోన్ చేసినాయనకి ఏ మాటా ఇవ్వకండి. రంగు వేరు, జాతి వేరు. పొగ రంగున్న ప్రతి పిల్లీ రష్యన్ బ్లూ అయితే మన ఊళ్లలో సందుకి రెండు రష్యన్ బ్లూలు ఉండాలి. చారల పిల్లిని ట్యాబీ అంటారు, మూడు రంగులదాన్ని క్యాలికో అంటారు, ఇవి కూడా జాతుల పేర్లు కావు, ఒంటి మీది రంగుకి పెట్టిన పేర్లు. కార్డులో జాతి దగ్గర 'దేశవాళీ' అని రాయించండి, అందులో తక్కువతనం ఏమీ లేదు.

ఇక రంగులు. పిల్లి వెంట్రుకల్లో ఉండే అసలు రంగులు రెండే, నలుపూ ఎరుపూ (మీ తాటిపండు రంగు కూనని మేం ఎర్రది అనే అంటాం). తెలుపు అసలు రంగే కాదు, అక్కడికి రంగునిచ్చే కణాలు చేరకపోతే మిగిలేది తెలుపు. పొగ రంగు కూడా నలుపే. వెంట్రుకలో రంగు రేణువులు సమానంగా పరుచుకోకుండా ముద్దలు ముద్దలుగా ఉంటే నలుపు పలచబడి అలా కనిపిస్తుంది, ఎరుపుకి అదే జరిగితే మీగడ రంగు వస్తుంది. అందుకని ఏ పిల్లిని చూసినా నేను ముందు తెల్ల భాగాన్ని పక్కన పెట్టేస్తాను, మిగిలినదాంట్లో నలుపు వంశమా, ఎరుపు వంశమా, రెండూ ఉన్నాయా అని చూస్తాను, ఆ తర్వాత అది ముదురా పలచనా, చివరికి చారల తీరు ఏమిటి అన్నది. తెలుపుతో మొదలుపెడితే తికమక పడతాం, మీ కార్డుల్లో 'మిక్స్‌డ్' అని పడింది బహుశా అందుకే.

చారల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ప్రతి పిల్లీ లోపల చారల పిల్లే. అగౌటి అనే జన్యువు సరిగ్గా పనిచేస్తే చారల మధ్య వెంట్రుకలు ఒక్కొక్కటీ పట్టీలు పట్టీలుగా లేత రంగుతో పెరుగుతాయి, చారలు తేలతాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ జన్యువు చెడిన ప్రతే వస్తే మధ్య భాగం కూడా నల్లబడి చారలు మునిగిపోతాయి. మీ నల్లకూన ఎండలో చూపిస్తున్నవి ఆ మునిగిన చారలే, పెరిగేకొద్దీ చాలావరకు కనిపించకుండా పోతాయి. ఈ మాపేసే పని నల్ల రంగు మీదే జరుగుతుంది, ఎరుపు మీద జరగదు. అందుకే ఎర్ర పిల్లికి ఏదో ఒక మేర చారలు ఉండే తీరతాయి, ఒకటే ఎరుపులో చారల్లేని పిల్లిని వీధిలో చూడడం కష్టం.

చారల్లో నాలుగు తీర్లున్నాయి. వెన్ను నుంచి పక్కలకి సన్నగా దిగేవి మాకరెల్ చారలు. మాకరెల్ అంటే మన కానాగంత చేప, దాని వీపు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పక్కల మీద సుడులు తిరిగి వెడల్పుగా ఉండేవి క్లాసిక్. 2012లో తేలిందేమిటంటే ఈ రెండింటి తేడాకి కారణం ట్యాక్‌పెప్ అనే జన్యువు, చీతాల్లో వెన్ను మీద గీతలతో పుట్టే కింగ్ చీతాకీ అదే జన్యువు కారణం. మూడోది చుక్కల తీరు. నాలుగోది మన దగ్గర బాగా కనిపించేదే అయినా జనం చారల పిల్లిగా గుర్తించనిది, టిక్డ్ అంటారు. ఒంటి మీద చారలుండవు, ముంగిస ఒళ్లులా ప్రతి వెంట్రుకా రెండు మూడు రంగుల పట్టీలతో ఉంటుంది, కాళ్ల మీదా తోక మీదా మాత్రం గీతలు. నుదురు చూస్తే తెలిసిపోతుంది, అన్ని తీర్లలోనూ ఇంగ్లిష్ ఎమ్ అక్షరంలా నామాలు దిద్దినట్టు ఉంటుంది. అబిస్సీనియన్ అనే ఖరీదైన జాతి ఒళ్లు ఇదే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియంలో 1830ల్లో కొన్న అలాంటి పిల్లి నమూనా ఒకటుంది, దాని చీటీ మీద స్వస్థలం ఇండియా అని ఉంటుంది. కాబట్టి మన వీధి పిల్లి ఒంటిని తేలిగ్గా తీసుకోకండి.

మీ పొగ రంగు కూన గురించి చెప్పేముందు ఒక పని చెయ్యండి, వీపు మీద బొచ్చుని వేళ్లతో పాయ తీసి వెంట్రుక మొదలు చూడండి. మొదలు నుంచి కొస దాకా ఒకే పొగ రంగు, అరికాలి మెత్తలు కూడా పలక రంగు అయితే అది నిజంగానే పలచబడ్డ నలుపు. మొదలు తెల్లగా కొస నల్లగా ఉంటే స్మోక్ అంటారు. మొదలు నల్లగా, కొసలు వెలిసినట్టు ఉంటే మాత్రం తల్లికి కడుపుతో ఉన్నప్పుడు జ్వరమో జబ్బో చేసిందేమో అడగాలి, అలాంటి కూనలు పుట్టినప్పుడు బూడిదగా ఉండి కొన్ని నెలల్లో అసలు రంగుకి వచ్చేస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు చెప్పిందాని ప్రకారం గౌరి ఒంటి మీద ఎరుపు లేదు. అలాగైతే ఎర్ర కూన పుట్టడానికి వీల్లేదు. ఎరుపునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లికి ఒకటే ఎక్స్, అది తల్లి దగ్గర్నుంచి వచ్చిందే. ఆడపిల్లికి రెండు, తల్లిది ఒకటి తండ్రిది ఒకటి, పూర్తిగా ఎర్రగా ఉండాలంటే రెండూ ఎర్రవే కావాలి. ఎటు చూసినా తల్లి ఒక ఎర్ర ఎక్స్ ఇవ్వాలి, అది గౌరి దగ్గర ఉంటే ఒంటి మీద ఎక్కడో బయటపడాలి. గడ్డం కింద, వెనక తొడల లోపలి వైపు, వేళ్ల మధ్య, పగటి వెలుతురులో వెతకండి. అలాగే ఎర్రదీ పొగ రంగుదీ ఆడో మగో తప్పకుండా చూసి చెప్పండి, మీ పిన్నిగారి మాట నిజమో కాదో దాన్నిబట్టి తేలుతుంది.

---

గోదారి_గట్టు, భీమవరం

నాకు జన్యువుల సంగతి తెలియదు గానీ పేర్ల సంగతి చెప్తాను. మన జిల్లాల్లో కోడిపుంజుకి ఉన్నన్ని రంగు పేర్లు ఇంకే జీవానికీ లేవు. ఎర్రటి పుంజు డేగ, నల్లది కాకి, తెల్లది సేతు, ఎరుపూ బూడిదా కలిస్తే మైల, నలుపూ ఎరుపూ పసుపూ మూడూ ఉంటే కౌజు, బంగారు ఛాయ అబ్రాసు. మా తాత చెరువు అవతలి గట్టు మీద తిరిగే పుంజుని ఇవతల్నుంచి చూసి పేరు చెప్పేవాడు. పందేల సంగతి వదిలెయ్యండి, అంత సన్నగా రంగుని చూసే కన్ను మనవాళ్లకి ఉందని చెప్తున్నాను. పశువులకీ ఉన్నాయి, కర్రావు, పుల్లావు, బొల్లావు. పిల్లి ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నా దాన్ని కొనడం అమ్మడం లేదు కాబట్టి ఎవరూ పేర్లు పెట్టలేదనుకుంటాను. నేనైతే మీ నాలుగింటినీ డేగ, కౌజు, కాకి, పొగమైల అని పిలుస్తాను, కార్డులో డాక్టర్ రాసుకునేది రాసుకోనివ్వండి.

---

నల్లపిల్లి_అమ్మ, వరంగల్

మధ్యలో ఒక చిన్న సందేహం. మా నల్లపిల్లి ఈ ఎండాకాలం వీపు మీద తుప్పు రంగుకి తిరిగింది. దీనికీ ఎర్ర జన్యువుకీ ఏమైనా సంబంధమా?

---

వెట్_విద్యార్థి, గన్నవరం

లేదండీ. రోజూ గంటలకొద్దీ ఎండలో పడుకునే నల్లపిల్లి పైబొచ్చు అలా వెలుస్తుంది, కొత్త బొచ్చు వచ్చినప్పుడు మళ్లీ నల్లగానే వస్తుంది. ఎండకి పోకుండా నీడపట్టున ఉండే పిల్లికి కూడా అలా జరుగుతుంటే తిండి చూడాలి. నల్ల రంగు తయారవడానికి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కావాలి, అది మాంసకృత్తుల నుంచే వస్తుంది. పెరుగన్నంతోనే పెంచుతుంటే గుడ్డో చేపో చికెనో తప్పకుండా చేర్చండి, ఒకసారి డాక్టర్‌కీ చూపించండి.

---

మూడురంగుల_మహాలక్ష్మి, డాలస్

మూడు రంగులది మగదైతే అరుదు అన్నది నిజమే, మూడు వేలల్లో ఒకటి అని చెప్తుంటారు. సాధారణంగా దానికి రెండు ఎక్స్‌లతో పాటు ఒక వై ఉంటుంది, అందుకని దాదాపు అన్నీ పిల్లల్ని కనే శక్తి లేనివే. ఆ కారణంగా దానికి లక్షలు పలకడం అంటూ ఏమీ లేదు, ఎక్కడో విని ఆశపడేవాళ్లే ఎక్కువ. మీది ఆడదే అయ్యుంటుంది.

నాకు ఈ సంగతి మీద ఇంత ఇష్టం ఎందుకు కలిగిందో చెప్తాను. మేముండే చోటు నుంచి కారులో మూడు గంటల్లో వెళ్లొచ్చు టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి, ప్రపంచంలో మొదటి క్లోన్ పిల్లి పుట్టింది అక్కడే, 2001 డిసెంబరు 22న. రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి ఒంటి కణం నుంచి తీశారు, పేరు సీసీ. జన్యువులన్నీ అచ్చం అవే. కానీ సీసీ ఒంటి మీద ఎరుపు చుక్క కూడా లేదు, చారలూ తెలుపూ మాత్రమే. ఆడపిల్లి ఒంట్లో ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని పిండం దశలోనే మూసేస్తుంది, ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ అదే పాటిస్తాయి. మేరీ లయన్ అనే శాస్త్రవేత్త 1961లో ఎలుకల్ని చూసి చెప్పిన మాట ఇది. ఎర్ర ఎక్స్ మూసిన చోట నలుపు, నల్ల ఎక్స్ మూసిన చోట ఎరుపు. రెయిన్‌బో నుంచి తీసిన ఆ ఒక్క కణంలో ఎర్ర ఎక్స్ మూసుకుని ఉంది, క్లోన్‌లో మళ్లీ తెరుచుకోలేదు. సీసీ ఆ తర్వాత పిల్లల్ని కూడా పెట్టి పద్దెనిమిదేళ్లు బతికి 2020లో పోయింది.

మా మహాలక్ష్మిని షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, దానికి ఒక చెవి నలుపు, ఒక చెవి ఎరుపు. మీ కార్డు కోసం ఒక సలహా, మచ్చ ఏ వైపు ఉందో రాయండి. 'క్యాలికో' అని ఒక్కటే రాస్తే ఇంకో క్యాలికోతో కలిసిపోతుంది. 'ఎడమ చెవి నలుపు, తోక మొదట్లో ఎర్ర మచ్చ' అని రాస్తే ఇంకెవరితోనూ కలవదు, ఏ రెండు క్యాలికోలకీ మచ్చలు ఒకేలా పడవు.

---

చెరుకుతోట, ఉయ్యూరు దగ్గర

రంగు చూసి పోల్చుకునే దగ్గర మేం ఒకసారి పెద్ద పొరపాటు చెయ్యబోయాం, చెప్తే ఎవరికైనా పనికొస్తుంది. చెరుకు నరుకుతుంటే రెండు కూనలు దొరికాయి, ఇసుక రంగు ఒళ్లు, లేత చారలు. ఊరపిల్లి కూనలే అనుకుని ఇంటికి తెద్దామని బుట్టలో పెట్టాం. మా పాలేరు పెద్దాయన చూసి అడవిపిల్లి కూనలు, అక్కడే పెట్టెయ్యండి అన్నాడు. కాళ్లు పొడుగు, తోక ఒంటితో పోలిస్తే పొట్టి, తోక చివర నలుపు, చెవి కొనల మీద నల్లటి చిన్న కుచ్చు. పెద్దయ్యాక ఒంటి మీది చారలు దాదాపు పోతాయట. ఆ మడిని అలాగే వదిలేసి వచ్చేశాం, రాత్రికి తల్లి వచ్చి తీసుకుపోయింది. వాటిని ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. అడవులకి దగ్గరగా ఉండేవాళ్లు నామాల పిల్లి గురించి కూడా తెలుసుకోండి, ఊరపిల్లి కన్నా బాగా చిన్నది, తుప్పు రంగు చుక్కలు, తల మీద నిలువు గీతలు.

---

తాటాకు_పందిరి, రాజమండ్రి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రెండ్రోజులు పట్టింది, వివరంగా చెప్తాను.

గౌరికి కానాగంతల తలకాయలు పెట్టి (అవి చూస్తూ మీరు చెప్పిన చారలు గుర్తొచ్చాయి) అది తింటుండగా ఒళ్లంతా వెతికాను. కుడి వెనక కాలి లోపలి వైపు నిమ్మకాయ బద్దంత ఎర్ర మచ్చ ఉంది! గడ్డం కింద తెలుపు మొదలయ్యే చోట ఇంకో చిన్నది. రెండేళ్లుగా రోజూ చూస్తున్న పిల్లి, ఒక్కసారి కూడా కనిపెట్టలేదు.

నిన్న వేరే డాక్టర్‌గారి దగ్గరికి తీసుకెళ్లి ఆడా మగా చూపించాను. ఎర్రది ఆడది. మూడు రంగులది ఆడది. నల్లది మగది. పొగ రంగుది ఆడది. పొగ రంగుదాని వెంట్రుక మొదలు నుంచి కొస దాకా ఒకటే రంగు, అరికాళ్లు కూడా పలక రంగే. ఎర్రవన్నీ మగవే ఉంటాయని ఎక్కడో చదివాను, మరి ఇది ఆడదెలా అయింది?

---

వెట్_విద్యార్థి, గన్నవరం

ఆ ఎర్ర మచ్చ దొరికిందని చదవగానే లేచి నిలబడ్డాను అండీ, నిజంగా!

ఎర్రవాటిలో మగవి ఎక్కువ, అన్నీ కాదు. మగదానికి ఒక్క ఎర్ర ఎక్స్ చాలు, ఆడదానికి రెండు కావాలి కాబట్టి ఆ తేడా. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. మీ ఎర్ర కూన ఆడది, అంటే ఒక ఎర్ర ఎక్స్ గౌరిది, రెండోది తండ్రిది. మగపిల్లికి ఉండేది ఒకటే ఎక్స్ కాబట్టి ఆ తండ్రి ఎర్ర గండుపిల్లే. పొగ రంగు కూన కూడా ఆడదే, దాని ఒంటి మీద ఎరుపు ఎక్కడా లేదు, అంటే దానికి తండ్రి నుంచి వచ్చింది ఎర్రది కాని ఎక్స్. ఎర్ర గండుపిల్లి దగ్గర అలాంటిది ఉండదు. కాబట్టి దాని తండ్రి ఇంకొకడు, నల్లవాడో పొగ రంగువాడో చారలవాడో. పిన్నిగారు చెప్పింది అక్షరాలా నిజం, ఈ ఈతకి తండ్రులు కనీసం ఇద్దరు.

ఇందులో వింత ఏమీ లేదు. పిల్లికి అండాలు జతకట్టాకే విడుదలవుతాయి, ఎదలో ఉన్న నాలుగైదు రోజుల్లో ఒకటికి మించి గండుపిల్లులు వస్తాయి, కూనలు ఒక్కొక్కటీ ఒక్కో తండ్రికి పుట్టొచ్చు. నల్లకూన మగది కాబట్టి దాని ఎక్స్ తల్లిదే, తండ్రి ఎవరో రంగుని బట్టి చెప్పలేం. మూడు రంగులది ఇద్దరిలో ఎవరికైనా పుట్టి ఉండొచ్చు. పొగ రంగుని బట్టి ఇంకోటి కూడా తెలుస్తుంది, పలచన చేసే ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది, అంటే గౌరి దగ్గర కూడా ఒకటి దాగి ఉంది.

ఈ ఎర్ర జన్యువు ఎక్స్ మీద ఉందని వందేళ్లుగా తెలుసు గానీ అది ఏదో 2025లో గానీ తేలలేదు. జపాన్‌లో క్యూషు యూనివర్సిటీవాళ్లూ అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌వాళ్లూ విడివిడిగా పనిచేసి ఒకటే చెప్పారు, ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువు ప్రాంతంలో దాదాపు ఐదు వేల అక్షరాల డీఎన్ఏ ముక్క ఊడిపోయి ఉంటుంది, దాంతో ఆ జన్యువు ఉండకూడని చోట మేలుకుని నలుపు తయారీని ఎరుపుకి మళ్లిస్తుంది. గౌరి కాలి మీది ఆ నిమ్మబద్దంత మచ్చలో జరిగిందీ అదే.

ఒక్క మాట, గౌరి పాలు మాన్పించిన వెంటనే ఆపరేషన్ చేయించండి. కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ ఎదకి రావచ్చు.

---

తాటాకు_పందిరి, రాజమండ్రి

ఆపరేషన్‌కి వచ్చే నెల మొదటి శనివారం మాట్లాడేశాను. ఎర్ర గండుపిల్లి ఎవరో కూడా తెలిసింది, రైస్‌మిల్లు గోడ మీద పడుకునేది, చెవి చిరిగి ఉంటుంది. రెండోవాడి కోసం చూస్తున్నాం.

ఫోన్ చేసినాయనకి మూడు రంగులది ఆడదని చెప్పగానే మళ్లీ మాట్లాడలేదు. పొగ రంగుదాన్ని మా ఆడపడుచు అడిగింది, జాతి ఏమిటని అడగకుండానే.

కార్డులు మార్పించాను, నాలుగూ ఇలా ఉన్నాయి. డేగ: ఆడ, ఎర్ర ట్యాబీ, మాకరెల్ చారలు, తెలుపు లేదు. కౌజు: ఆడ, క్యాలికో, కుడి కన్ను చుట్టూ నలుపు, వీపు మీద ఎర్ర మచ్చ, తోక నలుపు. కాకి: మగ, నలుపు, ఛాతీ మీద పది పన్నెండు తెల్ల వెంట్రుకలు (ఇది కూడా ఇప్పుడే చూశాం). పొగమైల: ఆడ, పలచ నలుపు, చారల్లేవు. గౌరికి కార్డు లేదు, దానికీ ఒకటి తీయించి కాలి లోపలి ఎర్ర మచ్చతో సహా రాయించాను. పిన్నిగారికి చదివి వినిపిస్తే, "నేను ముందే చెప్పానా లేదా" అంటూ కౌజుని ఒళ్లో పెట్టుకున్నారు. అది అక్కడే నిద్రపోయింది.